వలసమనసును కొలిచే బృందంలో ఎవరుండాలి?

1932లో ఓర్నుల్వ్ ఓడెగార్డ్ అనే నార్వే సైకియాట్రిస్టు ఒక లెక్క బయటపెట్టారు. నార్వే నుంచి అమెరికాలోని మిన్నెసోటాకు వలస వెళ్లినవాళ్లలో ఎంతమంది అక్కడి మానసిక ఆస్పత్రిలో చేరారో, 1889 నుంచి 1929 దాకా నలభై ఏళ్ల రిజిస్టర్లు తిరగేసి తేల్చారు. దాన్ని నార్వేలోనే ఉండిపోయినవాళ్ల లెక్కతో పోల్చారు. మిన్నెసోటాలోనే పుట్టినవాళ్ల లెక్కతోనూ పోల్చారు. వలస వెళ్లినవాళ్లలో స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినిపించే, లేనిపోని భ్రమలు కమ్ముకునే జబ్బు, దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది. ఎందుకని? ఉన్నచోట కుదురుకోలేని మనిషే ఓడ ఎక్కుతాడు, జబ్బు విత్తనం అతనితోపాటే సముద్రం దాటింది అన్నది ఆయన ఇచ్చిన జవాబు.

ఆ జవాబు చాలా కాలం నిలబడింది. లెక్క వరకు పెద్దగా తప్పు పట్టడానికి లేదు. చిక్కంతా చూసింది ఒక్క డాక్టరు, చూసినది ఒక్క రకం కాగితం కావడంలో ఉంది. ఆస్పత్రి రిజిస్టరులో పుట్టిన దేశం ఉంటుంది, చేరిన తేదీ ఉంటుంది, జబ్బు పేరు ఉంటుంది. ఓడ దిగాక ఆ మనిషికి పని దొరికిందా, భాష రాక ఎన్నిచోట్ల నవ్వులపాలయ్యాడు, ఆ మంచులో పలకరించే దిక్కు ఉందా అన్నవి ఉండవు. కాబట్టి కారణం కోసం రిజిస్టరులో వెతికితే అది రోగిలోనే దొరుకుతుంది. ఇంకెక్కడా దొరికే వీల్లేదు.

వలసదారుల మానసిక ఆరోగ్యంలో సమన్యాయం గురించి ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పనిచేసే బృందాలు చూడటానికి కాస్త విచిత్రంగా ఉంటాయి. సైకియాట్రిస్టు, సైకాలజిస్టు ఎలాగూ ఉంటారు. వాళ్ల పక్కనే గణాంకాల మనిషి, సమాజశాస్త్రం ప్రొఫెసరు, సోషల్ వర్కర్, ఒక్కోచోట లాయరు, దుబాసీ, ఆ వలస కష్టం తానే పడిన మామూలు మనిషి. ఒక జబ్బును అర్థం చేసుకోవడానికి ఇంత సంత ఎందుకని అనిపించవచ్చు. ఓడెగార్డ్ తర్వాత ఈ రంగం తిరిగిన మలుపులు చూస్తే జవాబు తెలుస్తుంది. అంతకుముందు ఆ గదిలో లేని రకం మనిషి వచ్చి కూర్చున్నప్పుడల్లా ప్రశ్న మారింది.

ఓడెగార్డ్ వాదాన్ని పరీక్షకు పెట్టినవాళ్లు డచ్చి పరిశోధకుడు యాన్ పాల్ సెల్టెన్, ఆయన సహచరులు. వాళ్ల ఉపాయం సులువైనదే, కానీ చాలా తెలివైనది. దక్షిణ అమెరికాలోని సూరినామ్ 1975 దాకా డచ్చి పాలనలో ఉండేది. స్వాతంత్ర్యం అటూ ఇటూ కాలంలో ఆ దేశ జనాభాలో మూడోవంతుకు పైగా నెదర్లాండ్స్‌కు వచ్చేశారు. ఇలాంటి వలస అరుదు. సరే, జబ్బుపడే స్వభావం ఉన్నవాళ్లే ఓడ ఎక్కారని అనుకుందాం. అలాంటివాళ్లంతా వచ్చేశారు, సూరినామ్‌లో ఒక్క రోగి కూడా మిగల్లేదు అని కూడా ఒప్పుకుందాం. నెదర్లాండ్స్‌లో కనిపించిన రోగుల సంఖ్యను వలస వచ్చినవాళ్లతో కాకుండా, సూరినామ్‌లో మిగిలిన జనాన్ని కూడా కలిపి మొత్తం మీద భాగిస్తే ఏమవుతుంది? ఓడెగార్డ్ చెప్పిందే కారణమైతే తేడా మాయమవ్వాలి. 2002లో ప్రచురించిన ఆ లెక్కలో తేడా తగ్గింది గానీ పోలేదు. అంటే ఓడ ఎక్కకముందు లేనిదేదో దిగాక ఆ మనుషులకు ఎదురైంది.

ఇదే సెల్టెన్, ఎలిజబెత్ కాంటర్-గ్రేతో కలిసి 2005లో 18 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. స్కిజోఫ్రీనియా ముప్పు వలస వచ్చిన తరంలో 2.7 రెట్లు ఉంది. ఆ దేశంలోనే పుట్టి పెరిగిన వాళ్ల పిల్లల్లో 4.5 రెట్లు. ఈ రెండో సంఖ్య దగ్గర కాసేపు ఆగాలి. ఆ పిల్లలు ఓడా ఎక్కలేదు, విమానమూ ఎక్కలేదు. వాళ్లు మాట్లాడేది ఆ దేశపు భాషే, చదివింది ఆ దేశపు బడిలోనే. వలసే జబ్బుకు కారణమైతే వలస వెళ్లనివాళ్లలో ముప్పు ఎక్కువ ఉండకూడదు కదా. అదే విశ్లేషణలో నల్లజాతి వలసదారుల ముప్పు తెల్లజాతి వలసదారుల ముప్పు కంటే ఎక్కువగా కనిపించింది. ఒంటి రంగును బట్టి మారే ముప్పుకు కారణం ఆ ఒంట్లోనే ఉందా, ఆ రంగును చూసే కళ్లలో ఉందా అన్న అనుమానం అక్కడ మొదలవుతుంది. వంశపారంపర్యం అందామంటే, జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్ దీవుల్లో చేసిన అధ్యయనాల్లో అక్కడే ఉండిపోయిన జనంలో స్కిజోఫ్రీనియా రేటు బ్రిటన్‌లోని ఆ దీవులవాళ్లంత ఎక్కువ లేదు.

బ్రిటన్‌లో ఇది పెద్ద గొడవే అయింది. తెల్లజాతి డాక్టర్లకు నల్లజాతి రోగి మాట, ఆవేశం, భక్తి అర్థంకాక అన్నిటికీ స్కిజోఫ్రీనియా అని రాసేస్తున్నారని ఒక వర్గం వాదన. దీన్ని తేల్చడానికి ఫ్రెడరిక్ హిక్లింగ్ అనే జమైకా సైకియాట్రిస్టును పిలిచి, లండన్ ఆస్పత్రిలో ఉన్న రోగులను మళ్లీ పరీక్షించమన్నారు. 1999లో వచ్చిన ఆ ఫలితం రెండు పక్షాలకూ మింగుడుపడలేదు. మొత్తం మీద స్కిజోఫ్రీనియా అని తేల్చిన శాతం బ్రిటిష్ డాక్టర్లదీ హిక్లింగ్‌దీ ఇంచుమించు ఒకటే. కానీ ఎవరికి ఆ జబ్బు ఉందన్న దగ్గర ఇద్దరికీ పొత్తు కుదరలేదు. స్కిజోఫ్రీనియా అన్న పేరు పడిన 29 మంది నల్లజాతి రోగుల్లో 16 మంది విషయంలోనే ఇద్దరి మాటా కలిసింది. శాతాలు సరిపోయాయి, మనుషులు సరిపోలేదు. రోగి వైపు నుంచి చూస్తే ఇది శాతం తప్పడం కంటే ఘోరం. ఏళ్ల తరబడి మందు మింగాల్సింది శాతం కాదు, మనిషి. జమైకా మాటతీరు తెలిసిన డాక్టరు ఆ వార్డులోకి రాకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

ఆ అనుమానాలన్నీ లెక్కలో పెట్టుకుని నడిచింది ఈసప్ అధ్యయనం. ఆగ్నేయ లండన్, నాటింగ్‌హామ్, బ్రిస్టల్ ప్రాంతాల్లో 1997 నుంచి మొదటిసారి సైకోసిస్‌తో (నిజానికీ భ్రమకూ తేడా తెలియని స్థితి, స్కిజోఫ్రీనియా అందులో ఒక రకం) వైద్యానికి వచ్చినవాళ్లను పరిశీలించారు. రోగి ఏ జాతివాడో తెలిసే వివరాలు తీసేసిన కాగితాలు చూసి డాక్టర్లు జబ్బును నిర్ణయించారు. అయినా ఆఫ్రికన్ కరీబియన్లలో, అంటే ఆ దీవుల మూలాలున్న నల్లజాతివాళ్లలో, స్కిజోఫ్రీనియా తెల్లజాతివాళ్ల కంటే దాదాపు తొమ్మిది రెట్లు తేలింది. డాక్టరు చూపులోని పక్షపాతమే మొత్తం కారణమన్న వాదం దానితో నీరుగారింది. అయితే ఆ బృందంలో రాబిన్ ముర్రే లాంటి సైకియాట్రిస్టులతో పాటు సామాజిక కోణం చూసే క్రెయిగ్ మోర్గాన్ కూడా ఉన్నారు. జబ్బు పేరుతో ఆగకుండా వాళ్లు ఇంకో రెండు విషయాలు అడిగారు. చిన్నప్పుడు తల్లికో తండ్రికో చాలాకాలం దూరమయ్యారా? మొదటిసారి ఆస్పత్రికి ఎలా వచ్చారు?

రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులోనే సమన్యాయం అన్న మాటకు అసలు అర్థం దొరుకుతుంది. తెల్లజాతి రోగుల్లో ఎక్కువమంది తమ ఫ్యామిలీ డాక్టరు చీటీ పట్టుకుని వచ్చారు. ఆఫ్రికన్ కరీబియన్ రోగుల్లో పోలీసుల చేతుల మీదుగా, చట్టం కింద బలవంతంగా చేర్చినవాళ్లు ఎక్కువ. ఆస్పత్రి ఒకటే, మందు ఒకటే, బిల్లు ఎవరికీ లేదు. కాగితం మీద అందరూ సమానమే. కానీ ఒకరు గుమ్మంలోంచి నడిచొచ్చారు, ఇంకొకరిని జీపులో తెచ్చి పడేశారు. జీపులో వచ్చినవాడికి ఆ మందు మీద నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది? ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంగ్లండ్‌లో మానసిక ఆరోగ్య చట్టం కింద నిర్బంధించే రేటు నల్లజాతివాళ్లలో తెల్లవాళ్ల కంటే దాదాపు నాలుగు రెట్లు ఉంటోంది.

ఇరుగుపొరుగు సంగతి ఇంకా ఆసక్తికరం. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో విమ్ వెలింగ్ బృందం 2008లో ప్రచురించిన లెక్క ప్రకారం, తమవాళ్లు కొద్దిమందే ఉన్న వాడల్లో బతికే వలసదారులకు సైకోసిస్ ముప్పు బాగా ఎక్కువ. తమవాళ్లు ఎక్కువమంది ఉన్న వాడల్లో అది డచ్చివాళ్ల ముప్పుకు దగ్గరగా ఉంది. బయటికెళ్లినా తెలుగువాళ్లంతా ఒకేచోట గుంపుగా చేరతారని న్యూజెర్సీ ఎడిసన్‌నో డాలస్ చుట్టుపక్కల ఊళ్లనో చూసి వెటకారం ఆడేవాళ్లున్నారు. మనవాళ్లున్న వీధిలో ఇల్లు వెతుక్కోవడంలో పచ్చడి దొరుకుతుందన్న ఆశ ఒక్కటే లేదని హేగ్ లెక్క చూస్తే అనిపిస్తుంది.

ఇక్కడే ఒక ఎదురు ఉదాహరణ చెప్పాలి, లేకపోతే వలస అంటే రోగం అన్న పాత మాటే మళ్లీ మిగులుతుంది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో కౌంటీలో మెక్సికన్ మూలాలున్న మూడు వేలకు పైగా మందిని విలియం వేగా బృందం ఇంటికెళ్లి ప్రశ్నించింది. 1998లో వచ్చిన ఫలితాల్లో, జీవితంలో ఎప్పుడో ఒకసారి మానసిక సమస్య వచ్చినవాళ్లు మెక్సికోలో పుట్టి వలస వచ్చినవాళ్లలో 24.9 శాతం. అమెరికాలోనే పుట్టిన మెక్సికన్లలో 48.1 శాతం. పేదరికం, పొలం కూలి, సరిగా రాని ఇంగ్లిష్, ఇన్ని ఉన్నా వచ్చినవాళ్లే గట్టిగా ఉన్నారు. వాళ్లలోనూ వచ్చి ఎక్కువ కాలమైనవాళ్ల పరిస్థితి కొత్తగా వచ్చినవాళ్ల కంటే అధ్వాన్నం. మనిషి వచ్చేటప్పుడు బాగానే వచ్చాడు, ఉండగా ఉండగా అరిగిపోయాడు.

ఏది అరగదీస్తోంది? ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబులు కొన్ని వీసా కాగితాల వైపు నుంచి వచ్చాయి. ఆస్ట్రేలియా 1999లో కొందరు శరణార్థులకు తాత్కాలిక రక్షణ వీసాలు మొదలుపెట్టింది. మూడేళ్ల తర్వాత మళ్లీ మొదటినుంచి నిరూపించుకోవాలి, కుటుంబాన్ని తెచ్చుకునే వీల్లేదు. సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వైపు నుంచి జకరీ స్టీల్, డెరిక్ సిలోవ్‌ల బృందం ఇరాక్, ఇరాన్‌ల నుంచి వచ్చిన మాండియన్ అనే చిన్న మతానికి చెందిన శరణార్థులను పరిశీలించింది. అందరూ ఒకే సమాజం, పడిన హింసలూ అలాంటివే. తేడా వీసాలో ఉంది. తాత్కాలిక వీసా ఉన్నవాళ్లలో, ఎక్కువకాలం నిర్బంధ కేంద్రాల్లో గడిపినవాళ్లలో పీడకలలు, దిగులు ఎక్కువని 2006లో తేల్చారు. కొన్నాళ్లకు ఆ వీసాలు శాశ్వతమయ్యాయి. అదే మనుషులను మళ్లీ చూస్తే లక్షణాలు తగ్గాయి. మధ్యలో కొత్త మందేమీ రాలేదు.

అమెరికాలో ఇంకా చక్కటి పరీక్ష అనుకోకుండా కుదిరింది. చిన్నప్పుడే వచ్చి కాగితాల్లేకుండా ఉండిపోయినవాళ్లను దేశం నుంచి పంపేయకుండా 2012 జూన్‌లో డాకా అనే ఏర్పాటు చేశారు. ఆ నెల 15 నాటికి 31 ఏళ్లు నిండకూడదన్నది ఒక షరతు. 1981 జూన్ 15కు కొద్దిరోజులు ముందు పుట్టిన తల్లికి రక్షణ లేదు, కొద్దిరోజులు తర్వాత పుట్టిన తల్లికి ఉంది. మిగతా అన్నిట్లో ఇద్దరూ ఒకటే. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలోని ఇమిగ్రేషన్ పాలసీ ల్యాబ్ బృందం ఒరెగాన్ రాష్ట్రపు ఆరోగ్య రికార్డుల్లో ఈ రెండు రకాల తల్లులకు పుట్టిన పిల్లలను పోల్చింది. పిల్లలంతా అమెరికా పౌరులే. సర్దుబాటు, ఆందోళన సమస్యలున్న పిల్లల శాతం తల్లికి రక్షణ దొరికిన వైపు 7.8 నుంచి 3.3కు పడిపోయింది. 2017లో వచ్చిన ఈ అధ్యయనాన్ని నడిపించినవాళ్లలో ముందున్నది యెన్స్ హైన్‌ముల్లర్, రాజనీతిశాస్త్రం ప్రొఫెసరు. తోడుగా పిల్లల డాక్టరు ఉన్నారు. పుట్టినరోజు గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లను పోల్చాలన్న ఆలోచన చట్టాలు చదివే మనిషికి తట్టినంత సులువుగా క్లినిక్‌లో కూర్చున్న మనిషికి తట్టదు.

గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది దూరపు కథ కాదు. ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల భారతీయుల క్యూ దశాబ్దాలకు సాగింది. తల్లిదండ్రుల వీసా మీద పెరిగిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ నీడ పోతుంది. జీతం పెద్దది, ఇల్లు పెద్దది కాబట్టి వీళ్ల టెన్షన్‌ను ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. వీసా స్టాంపింగ్‌కు ఇండియా వచ్చి కాన్సులేట్ తేదీ కోసం చూస్తున్న మనిషిని పలకరిస్తే ఆ టెన్షన్ ఎంతటిదో తెలుస్తుంది.

బృందంలో అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషి దుబాసీ. ఎక్కువ భారం మోసేదీ ఆ మనిషే అనడానికి వెనకాడనక్కర్లేదు. దిగులును కొలవడానికి ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9 పత్రాన్నే తీసుకుందాం. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల సంగతి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. ఇలాంటి పత్రాన్ని అనువదించే పద్ధతి కూడా స్థిరపడింది. ఒకరు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మారుస్తారు, అసలు పత్రం చూడని ఇంకొకరు మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెస్తారు, రెండూ సరిపోతే పాసు. ఈ పరీక్షలో 'నిరుత్సాహం' హాయిగా గట్టెక్కుతుంది. వెళ్లిన దారినే తిరిగొస్తుంది కూడా. కానీ జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లిన మేస్త్రీ నోట ఆ మాట జన్మలో రాదు. అతనికి ఉన్నది రంది. గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే ఆమెకు ఉన్నది బెంగ.

రంది, బెంగ, మనాది, దిగులు, ఇవి ఒకదానికొకటి బదులు పెట్టుకునే మాటలు కావు. బెంగకు ఎప్పుడూ ఒక ముఖం ఉంటుంది. పిల్ల మీద బెంగ, అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. బెంగపెట్టుకుని జ్వరం తెచ్చుకున్న పిల్లాడికి మాత్ర ఇవ్వడం కంటే తల్లిని చూపించడం మేలని ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది. పీహెచ్‌క్యూ ఎంత దిగులో అడుగుతుంది, ఎవరి మీదో అడగదు. ఒక సమాజపు జబ్బు పేర్లను ఇంకో సమాజం నెత్తిన పెట్టి, సరిపోయిందని సంతోషపడటాన్ని అమెరికా సైకియాట్రిస్టు ఆర్థర్ క్లైన్‌మన్ 1970లలోనే వర్గీకరణ పొరపాటుగా తప్పుపట్టారు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు బామ్మలకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రాల బయట బెంచీలు వేయించినప్పుడు మొదట దానికి మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెట్టారు. ఆ పేరుంటే ఎవరూ వచ్చి కూర్చోరని చెప్పి, స్నేహ బెంచీగా మార్పించింది బామ్మలే.

మాట కుదిరినా నోరు విప్పాలి కదా. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవల దగ్గరున్న రోగుల చిరునామాలను వలసల శాఖకు ఇచ్చేందుకు 2017లో ఒక ఒప్పందం అమల్లోకి వచ్చింది. డాక్టర్లు, స్వచ్ఛంద సంస్థలు గోల పెట్టాక మరుసటి ఏడాది దాన్ని ఆపేశారు. కానీ ఒక్కసారి అలాంటి కబురు పాకితే, మీ వివరాలు గోప్యం అని ఏ విశ్వవిద్యాలయం ముద్ర వేసి ఇచ్చినా ఎవరు నమ్ముతారు? సంతకం పెట్టమంటేనే సగం మంది లేచిపోతారు. అలాంటి చోట తలుపు తెరిపించేది ఆ వాడలోనే ఉండే క్షేత్ర సహాయకులు. వాళ్ల ఉద్యోగం మూడేళ్లో ఐదేళ్లో గ్రాంటు ఉన్నంతవరకే. గ్రాంటు అయిపోయాక ప్రొఫెసరు ఇంకో ప్రాజెక్టుకు వెళతారు, తలుపు తెరిచిన మనిషి అదే వీధిలో ఉండి 'ఆ కాగితాలేమయ్యాయి' అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ బతుకును మూడు మాటల్లో చెబుతారు. ఆ మూడో బాయి మీద ఇలాంటి అధ్యయనం చేయాలంటే ఎవరుండాలి? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసింది. వాటిలో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. ఉన్నా అది ఇంటింటి సర్వే. గల్ఫ్‌లో ఉన్నవాడు ఆ రోజు ఇంట్లో ఉండడు. అక్కడి క్యాంపుల్లో సర్వే చేద్దామంటే తొమ్మిది ప్రశ్నల పత్రమే తడబడుతుంది. నిద్ర సరిగా పట్టడం లేదా? ఎనిమిది మంది ఉన్న గదిలో నలుగురు పగటి షిఫ్టు, నలుగురు రాత్రి షిఫ్టు అయితే ఎవరికి పడుతుంది? నీరసంగా ఉంటోందా? ఎండలో ఇనుము మోసినవాడికి ఉండదా? ఈ రెంటికీ మూడేసి మార్కులు పడి, ఏ దిగులూ లేనివాడు కొద్దిపాటి దిగులున్నవాళ్ల లెక్కలో చేరతాడు. అన్నీ బాగున్నాయని రాసిన ఇంకొకడు నిజంగా మునిగిపోయి ఉంటాడు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపిస్తోందా అని. దానికి అవునని చెబితే కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, తెలుస్తుందేమో, టికెట్ కొట్టి ఇంటికి పంపేస్తాడేమో, అప్పు అలాగే ఉంది కదా అన్న లెక్క ఆ మనిషి తలలో ముందే నడిచిపోతుంది.

కాబట్టి ఆ బృందంలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మనిషి ఒకడుండాలి. ప్రశ్నలకు ఒప్పుకునేవాళ్లను వెతికిపెట్టడానికి కాదు, ప్రశ్నలు రాసేటప్పుడే. నిద్ర, ఆకలి, నీరసం పక్కన పెట్టి అతను అడగమనే మొదటి ప్రశ్నలు వేరే ఉంటాయి. అకామా (అక్కడ ఉండేందుకు అనుమతి) ఉందా, ఖల్లివల్లి (కాగితాల్లేనివాడివి) అయ్యావా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? ఏజెంటుకు కట్టిన అప్పు ఎంత, వడ్డీ ఎంత? ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏమని చెబుతున్నావు?